మూలన పెట్టిన ముహూర్తం

మా అన్న పెండ్లికి ముహూర్తం పెట్టింది పురోహితుడు. చెరిపేసింది నేను. ఇది జరిగి ఇరవై ఏళ్ళు కావస్తున్నా, మా చుట్టుపక్కల పల్లెల్లో పెండ్లి పత్రిక చేతికిస్తే ముందు తేదీ మీద వేలితో రుద్ది చూసుకునే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ అలవాటు నేర్పిన మహానుభావురాలిని నేనే. ఒక చిన్న ప్రింటరు ఎంచుకోవడంలో మనిషి ఎంత దూరం పోయి బోర్లా పడగలదో తెలుసుకోవాలంటే, కాస్త తీరిక చేసుకుని కూర్చోండి. నవ్వొస్తే ఆపుకోవద్దు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది గార్లదిన్నె పక్కన చిన్న పల్లె. అనంతపురంలో ఆరు నెలలు డీటీపీ నేర్చుకుని, సర్టిఫికెట్టు గోడకు తగిలించి, ఇక ప్రపంచమంతా నా వేళ్ళ కిందే ఉందనుకుంటున్న రోజులు. ఇంట్లో ఒక పాత కంప్యూటరు, దానికి తోడు ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటరు ఉండేవి. ఎవరో ఆఫీసు ఎత్తేస్తుంటే మా రంగన్న మామ, అంటే అమ్మ తమ్ముడు, మోటారు సైకిలు మీద కట్టుకుని తెచ్చిచ్చాడు. ఆ ప్రింటరు ఒక్క పేజీ కొట్టిందంటే నాలుగిండ్ల అవతల ఎనుములు నెమరు ఆపి తలెత్తి చూసేవి. కరువు అర్జీలు, పంట బీమా అర్జీలు, ట్యూషన్ పిల్లల ప్రశ్నపత్రాలు, అన్నీ దాని పుణ్యమే.

ఒకరోజు అది ఎవరిదో అర్జీ కొడుతూ, "అయ్యా, మా పొలంలో పైరంతా ఎండిపో" దాకా వచ్చి, కర్రుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. రిపేరు చేసేవాడు దాన్ని విప్పి, లోపల కాసేపు చూసి, చేతులు తుడుచుకున్నాడు. "దీనికి సామాన్లు యాడా దొరకవమ్మా. ఇంగ కొత్తది చూసుకోండి" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే మా అన్నకు కదిరి అమ్మాయితో పెండ్లి ఖాయమైంది. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. అన్నకు పెండ్లి అన్న సంతోషం సగం, కొత్త ప్రింటరుకు దారి దొరికిందన్న సంతోషం సగం. నిజం చెప్పాలంటే రెండోదే కొంచెం ఎక్కువ.

మా నాయన గురించి ఒక మాట చెప్పాలి. శెనక్కాయ పంట పెట్టి, మబ్బు వైపు చూసి, రాజకీయం మాట్లాడే మనిషి. ఒకసారి వార్డు మెంబరుగా గెలిచి, రెండోసారి ఓడిపోయి, మూడోసారి కోసం తెల్ల చొక్కాలు ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు. ఆయన దగ్గరికి పోయి నా మనసులో మాట బయటపెట్టాను.

"నాయనా, గార్లదిన్నె బస్టాండు కాడ ఒక రూము ఖాళీగా ఉండాది. డీటీపీ షాపు పెట్టుకుంటా."

"షాపా? నువ్వా?"

"నేనే. అన్న పెండ్లి పత్రికలు గూడా నేనే కొడతా. ప్రెస్సుకు ఎందుకియ్యాల?"

నాయన మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. "సరే పాపా. పత్రికలు నువ్వే కొట్టు. చూసినోళ్ళు బాగుండాయంటే రూము నీది. నవ్వినారంటే మాత్రం ఆ డబ్బాకు గుడ్డ కప్పేసి, మీ అమ్మ పక్కన కూర్చోని విత్తనం కాయలు ఒలుచుకో."

విత్తనం కాయలు ఒలవడమంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెప్తున్నాను. మూటకు మూట ముందర కుమ్మరిస్తారు. ఒక్కొక్క కాయ బొటనవేలితో నొక్కి, పప్పు చెదరకుండా తీయాలి. రెండో రోజుకు గోరు మంటెత్తుతుంది, మూడో రోజుకు కలలో కూడా కాయలే. కాబట్టి నాకు ఆ పత్రికలు పత్రికలు కావు. ఒకవైపు షాపు, ఇంకోవైపు జీవితాంతం శెనక్కాయలు.

మరుసటి రోజే రంగన్న మామ బండి వెనక ఎక్కి అనంతపురం పోయాను. షాపాయన మధ్యవయసు మనిషి, నిదానస్తుడు. మా ముందర రెండు మిషన్లు పెట్టాడు.

"ఇది లేజరు. నలుపు ఒక్కటే వస్తాది. ఇదేమో కలర్‌ది, సిరాతో కొడతాది. ఇంటికి, అర్జీలకు అంటే లేజరే మేలమ్మా. పొడిని వేడి చేసి కాగితానికి అంటిస్తాది. గీకినా పోదు."

"కలర్‌ది ఒకసారి కొట్టి చూపించన్నా" అన్నాను.

ఆయన ఒక కాగితం పెట్టి బటన్ నొక్కాడు. చప్పుడే లేదు. పిల్లి నడిచినట్టు మెల్లగా అటూ ఇటూ తిరిగి, ఒక నెమలిని బయటికి వదిలింది. నీలం మెడ, పచ్చ తోక, ఆ తోక నిండా బంగారు కండ్లు. అయిపోయింది. నా ప్రాణం ఆ తోకలో చిక్కుకుంది.

"ఇదే కావాల!"

"చూడమ్మా, ఇది సిరా. తడి తగిలితే కారిపోతాది. తర్వాత నన్ను అనగూడదు."

నేను నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మొహం మీద చెంబెడు నీళ్ళు కొట్టాలనిపిస్తుంది. "తడా? అన్నా, మాది గార్లదిన్నె పక్క పల్లె. మా ఊర్లో కాగితం తడవాలంటే ముందు వాన పడాల గదన్నా! మేమే తడిసి ఎన్నేండ్లయిందో, ఇంగ కాగితం యాడ తడుస్తాది?"

రంగన్న మామ కూడా తాళం వేశాడు. "పాప చెప్పింది నిజమే అప్పా. మాకు తాగనీకే నీళ్ళు లేవు, ప్రింటరు మీద పోసేకి యాడియి?"

"వాన ఒక్కటే తడి కాదప్పా" అన్నాడు షాపాయన. అంత మంచి మాట ఆయన నోట వస్తుంటే, నేను పెట్టె మీద బొమ్మ చూస్తూ ఉన్నాను. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అంటారు. నల్ల సిరాకే గతిలేని ఇంటికి నేను ఆరు రంగుల నెమలిని కొనుక్కుని, బండి మీద ఒళ్ళో పెట్టుకుని, గార్లదిన్నె దాకా ఈల వేసుకుంటూ వచ్చాను.

ఇక పత్రిక తయారీ. పెండ్లి పత్రికలో ముహూర్తం ఎక్కడ వేస్తారు? మధ్యలో వేస్తారు. నేనెందుకు వేస్తాను? అందరూ చేసింది చేస్తే నా సర్టిఫికెట్టు గోడ మీద ఉండి ఏం లాభం? అందుకని కింద కుడి మూలలో నెమలిని కూర్చోబెట్టి, తోక విప్పించి, ఆ తోకలో రంగురంగుల అక్షరాలతో ముహూర్తం రాశాను. ఎడమ మూలలో ఒక అరటి చెట్టు, దాని కింద కల్యాణ మంటపం చిరునామా. పై మూలల్లో వినాయకుడొకడు, వెంకన్న ఒకడు. మధ్యలో వధూవరుల పేర్లు, "సకుటుంబంగా తప్పక విచ్చేసి" అన్న మాట.

మీలో పెండ్లి పత్రికలు పంచిన వాళ్ళకు ఈపాటికే విషయం అర్థమైపోయి, "అయ్యో పిచ్చిపిల్లా" అని ఉంటారు. పత్రికకు నాలుగు మూలలా ఏం పెడతారో మన దేశంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ నెమలి కళ్ళముందు ఆడుతుంటే తెలిసినవన్నీ ఎక్కడికి పోతాయో నాకు తెలియదు.

మూడు రోజులు కొట్టాను. సిరా డబ్బాల కోసం రంగన్న మామ రెండుసార్లు అనంతపురం పోయి వచ్చాడు. రంగులు అన్నీ ఒకేసారి అయిపోవు కదా, ఒక్కొక్కటే తగ్గుతూ వస్తాయి. మొదటి యాభై పత్రికల్లో వినాయకుడు నిగనిగలాడుతూ ఉన్నాడు. నూరు దాటేసరికి పసుపుపచ్చ అయ్యాడు. మా అన్న ఒకటి తీసి చూసి, "ఏమే, మన వినాయకునికి కామెర్లా?" అన్నాడు.

"నీ పెండ్లికి నువ్వే దిష్టి పెట్టుకోవద్దు" అని కసిరాను.

నాయన మాత్రం మురిసిపోయాడు. పత్రికను ఎండలో పెట్టి చూశాడు, నీడలో పెట్టి చూశాడు. "బాగుండాది పాపా! ఇన్ని రంగులు మన ఊర్లో ఎవురూ చూసిండరు" అన్నాడు. అంతే, నా మనసులో షాపు బోర్డుకు రంగులు వేసేశాను.

పంచే రోజు పొద్దున అమ్మ పత్రికలు బొమ్మ లోపలికి వచ్చేటట్టు మడిచి, బొత్తులుగా పేర్చి, పసుపు గిన్నె తెమ్మంది. ఆ గిన్నెలో నీళ్ళు పోసి ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే. పైగా, "రవ్వంత పలచగా కలుపు మా, బాగా అంటుకుంటాది" అని సలహా కూడా ఇచ్చాను. అమ్మ బొత్తి బొత్తికీ నాలుగు మూలలా శ్రద్ధగా, భక్తిగా, చేతినిండా పసుపు పట్టించింది. పైనుంచి చూస్తే పచ్చటి అంచు తప్ప ఏమీ కనపడలేదు. లోపల తడి ఒక పత్రిక నుంచి ఇంకో పత్రికకు నిదానంగా పాకుతున్న సంగతి ఎవరికి తెలుసు? తువ్వాలలో మూటగట్టుకుని నాయన, రంగన్న మామ కొత్తచెరువు మీదుగా కదిరి వైపు బండెక్కారు. అన్న చుట్టుపక్కల పల్లెలకు పోయాడు. సాయంత్రానికి దగ్గరి పల్లెలన్నీ అయిపోయాయి.

తెల్లారి నేను ముగ్గు వేస్తుంటే పక్క పల్లె ఓబుళప్ప తాత చేతికర్ర పట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా, పెండ్లంటిరి, పత్రిక ఇస్తిరి, ఎప్పుడో చెప్పకపోతిరే?"

"అందులో వేసినా గదా తాతా."

"యాడ?"

"నెమలి తోకలో."

"నెమలి యాడ?"

పత్రిక తీసుకుని చూశాను. నెమలి లేదు. అది ఉండాల్సిన చోట వంకాయ రంగు ముద్ద ఒకటి ఉంది. తేదీ, వారం, గంటలు, నిమిషాలు అన్నీ కలిసి అందులో ఉన్నాయి. ఎడమ మూల చూశాను. అరటి చెట్టుతో పాటు కల్యాణ మంటపం కూడా కూలిపోయింది. మిగిలిందల్లా మధ్యలో మా అన్న పేరు, వదిన పేరు, "తప్పక విచ్చేసి." ఎక్కడికి విచ్చేయాలి, ఎప్పుడు విచ్చేయాలి అన్నది దేవుడికే తెలియాలి. ఆ దేవుళ్ళు కూడా పై మూలల్లో కారిపోయి ఉన్నారు.

కళ్ళముందు విత్తనం కాయల మూటలు వరసగా లేచి నిలబడ్డాయి. ఇంట్లోకి పరిగెత్తి రంగన్న మామ సెల్లుకు ఫోను కొట్టాను.

"మామా! పత్రికలు పంచొద్దు!"

"ఏం పాపా? పంచేసినాం. ఇంగ రెండే ఉండాయి. రాత్రి కదిరిలో ఆడపెండ్లోళ్ళకు గూడా ఇచ్చేసినాం."

"ఆ రెండిట్లో ముహూర్తం ఉందా చూడు మామా."

కాగితాల చప్పుడు. "పాపా, ఈడ ఎవురో తాంబూలం ఊసినట్టుండాది గదే!"

వెనకనుంచి నాయన గొంతు. "ఏమంటాండాది రా?"

"ముహూర్తం లేదంట బావా."

"ముహూర్తం లేదా? పురోహితుడు మార్చినాడా ఏంది?"

"పురోహితుడు కాదు బావా, పాప."

ఆ సాయంత్రం నాయన ఇంటికొచ్చాడు. మామూలుగా ఆయన తిడితే మూడు వీధులకు వినపడుతుంది. ఆ రోజు మాత్రం చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద కూర్చుని, మూలన ఉన్న కాయల మూట వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు పెద్దలు. అడుసే లేని ఊళ్ళో నేను చెంబెడు నీళ్ళతో అడుసు చేసి మరీ తొక్కాను.

అసలు పిడుగు మరుసటి రోజు పడింది. మధ్యాహ్నం బస్సులో కదిరి మామ, అంటే పెండ్లికూతురి నాయన, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని దిగాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, నీళ్ళిస్తే తాగలేదు.

"ఏమప్పా బావా, ఇష్టం లేకుంటే నోటితో చెప్పకూడదా? తేదీ లేని పత్రిక మా ఇంటికే తెచ్చిస్తారా? మేము అనుకున్న తేదీ మీకు ఒద్దనే గదా దానర్థం? మా పాపకు సంబంధాలు లేక మీ ఇంటికి రాలేదు!"

అన్న మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. షాపు పోతే పోయింది, అన్న పెండ్లి కూడా నా చేతుల్లోనే పోయేటట్టుంది. ఇంక సిగ్గుపడి లాభం లేదని ముందుకు వచ్చాను.

"మామా, తప్పు నాది. అయిదు నిమిషాలు లోపలికి రాండి. చూసినంక మీ ఇష్టం."

అందరినీ కంప్యూటరు ముందు నిలబెట్టి ఒక కొత్త పత్రిక కొట్టాను. నెమలి ఠీవిగా బయటికొచ్చింది. "చదవండి మామా" అన్నాను. తేదీ, వారం, గంటలు, నిమిషాలు ఆయనే పైకి చదివాడు. అప్పుడు అమ్మను పసుపు పెట్టమన్నాను. అమ్మ వేలు ముంచి నెమలి మీద ఒక్క బొట్టు పెట్టింది.

మేమంతా వంగి చూస్తూ ఉన్నాం. మొదట గురువారం పోయింది. తర్వాత గంటలు నిమిషాల్లో కలిశాయి. చివరికి నెమలి మెడ వాల్చి తన తోకలోకి తానే కారిపోయింది.

కదిరి మామ మీసాలు మెల్లగా కదిలాయి. కోపమో ఏమో అనుకుని రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన కడుపు పట్టుకుని మా కంప్యూటరు స్టూలు మీద కూలబడ్డాడు. "ఓరి నాయనో! ఇదా సంగతి! అల్లుడే పారిపోయినాడేమో అని నేను రాత్రంతా నిద్ర పోలేదు గదప్పా!" అంటూ నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుని, అప్పుడు అడిగి మరీ నీళ్ళు తాగాడు. ఇంకొకటి కొట్టించుకుని, వాళ్ళావిడకు చూపించాలని ఒక పొట్లంలో పసుపు కూడా కట్టించుకుని పోయాడు.

పెండ్లి నిలిచింది. కానీ నాయన షరతు గుర్తుంది కదా, చూసినవాళ్ళు నవ్వకూడదు. వియ్యంకుడే నవ్విపోయాడు. నేను నోరు మూసుకుని అమ్మ పక్కన కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాను.

ఇంతలో జనం రావడం మొదలైంది. ఒక్కొక్క పల్లె నుంచి, నడిచి ఒకరు, సైకిలు మీద ఒకరు, ఆటోలో నలుగురు. "ఏమప్పా, పెండ్లి ఎప్పుడు?" అని అడగడానికి. ఇంటిదాకా వచ్చిన మనిషికి తేదీ ఒక్కటే చెప్పి పంపితే బాగుంటుందా? అమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, నాలుగు మిరపకాయ బజ్జీలు వేసి పెట్టేది. నాయన మంచం వాకిట్లోకి జరిగింది. వచ్చినవాళ్ళు తేదీ కనుక్కుని, ఉగ్గాని తిని, బోర్ల గురించి, బీమా గురించి, రాబోయే ఎన్నికల గురించి గంటసేపు మాట్లాడి లేచేవాళ్ళు. నాలుగు రోజులకే నాయన ఇస్త్రీ చొక్కాలు బయటికొచ్చాయి. వారానికి బొరుగుల మూట ఖాళీ అయింది.

పెండ్లి రోజు జనం చూసి వంటవాళ్ళు బెదిరిపోయారు. పత్రిక అందుకున్న వాళ్ళలో రానివాళ్ళే లేరు. ఇంటికొచ్చి, బజ్జీలు తిని, తేదీ అడిగి పోయినవాడు ఏ మొహంతో రాకుండా ఉంటాడు? అన్నం మళ్ళీ వండారు, మళ్ళీ వండారు. నాయన పంక్తుల మధ్య తిరుగుతూ, చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"పాపా, నేను గెలిచిన రోజు గూడా ఇంతమంది రాలేదు. రూము వానికి చెప్పేసినా."

నేను ఎగిరి గంతేయబోయాను.

"నిలు. ప్రింటరు మాత్రం నేను ఎంచుకుంటా."

అన్నట్టే నాయన నాతో అనంతపురం వచ్చాడు. షాపాయనతో ఒక కాగితం కొట్టించి, జేబులోంచి పసుపు పొట్లం తీసి, "రవ్వన్ని నీళ్ళియ్యప్పా" అన్నాడు. తడి పసుపుతో కాగితాన్ని అటూ ఇటూ రుద్దాడు, బనీను ఉతికినట్టు ఉతికాడు. అక్షరం కదల్లేదు. షాపాయన నా వైపు చూశాడు కానీ ఏమీ అనలేదు. మంచి మనిషి. కలర్‌ది ఇచ్చేసి లేజరు తెచ్చుకున్నాం.

గార్లదిన్నె బస్టాండు దగ్గర షాపు తెరిచిన రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. కొబ్బరికాయ కొట్టి, కుర్చీలో కూర్చున్నానో లేదో, తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన జీపు దిగాడు. రాబోయే ఎన్నికల్లో నిలబడబోతున్నాడని అందరూ అనుకుంటున్న మనిషి.

"మా వాని పెండ్లి పత్రికలు కొట్టియ్యాలమ్మా. మీ అన్నవి కొట్టినావే, అచ్చం అట్లే."

"అన్నా, ఇప్పుడున్నది నలుపు ఒక్కటే కొడతాది. రంగులు రావు."

"రంగులు ఎవురికి కావాలమ్మా? తేదీ కారిపోవాల! జనమంతా మా ఇంటికొచ్చి అడగాల!"

"ఇది కారదన్నా."

"పసుపు రెండింతలు పూసినా?"

"బిందెలో ముంచినా కారదు. పరీక్ష చేసి తెచ్చినాం."

ఆయన మొహం చిన్నబోయింది. కాసేపు నా లేజరు వైపు జాలిగా చూసి, "అయితే ఆ కారేది ఏ షాపులో ఇస్తిరో చెప్పు" అని అడిగి, చెప్పించుకుని, నా మొదటి గిరాకీ జీపెక్కి అనంతపురం పోయాడు.

కాబట్టి చదువరులారా, మీ అందరి ఎదుట ఇదే నా ప్రతిజ్ఞ. ఈ బొందిలో ఊపిరి ఉన్నంతవరకు ఏ పత్రికలోనూ ముహూర్తాన్ని మూలన పెట్టను. తడి పసుపు పెట్టి చూడకుండా ఏ ప్రింటరునూ గడప దాటనివ్వను. ఏ షాపువాడు ఎంత అందమైన నెమలిని కొట్టి చూపించినా కళ్ళు మూసుకుంటాను. మూడు కరువులొచ్చినా, ముప్పై ఎన్నికలొచ్చినా ఈ మాట తప్పను. వంకాయ రంగు ముద్ద మీద ఒట్టు.